బాగు చేసేదెవరు?

డిసెంబరు రాత్రి. న్యూజెర్సీలో బయట మంచు కురుస్తోంది. కార్లు రెండూ ఆ మంచులోనే తడుస్తున్నాయి. గరాజ్‌లో వాటి జాగా గోల్ఫ్‌కి పోయింది మరి! నేల మీద పచ్చటి చాప. ఎదురుగా తెల్లటి తెర. తెర మీద ప్రొజెక్టర్ పరిచిన మైదానం. చాప పక్కన, టిఫిన్ డబ్బా అంత ఓ నల్ల పెట్టె. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకు గోల్ఫ్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. విజయవాడ నుంచి వచ్చిన తండ్రి శాలువా కప్పుకుని మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నారు.

కర్ర లేచింది. దిగింది. ‘ఠప్’మని చప్పుడు.

బంతి తెరకు తగల్లేదు. పెట్టెకు తగిలింది!

‘‘ఏమైందిరా?’’

‘‘పోయినట్టుంది నాన్నా. అద్దం పగిలింది.’’

‘‘ఎంత పెట్టి కొన్నావ్?’’

‘‘రెండు వేల డాలర్లు.’’

పెద్దాయన మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నారు. గుటక మింగారు. ‘‘సర్లే, పొద్దున్నే ఏదైనా రిపేరు కొట్లో ఇచ్చొద్దాం.’’

‘‘ఇక్కడ దీనికి కొట్లు ఉండవు నాన్నా. కంపెనీకే పంపాలి. వారంటీ కూడా కిందటి నెల్లోనే అయిపోయింది.’’

‘‘మరి కొనేటప్పుడు అడగలేదా... పాడైతే బాగు చేసేదెవరని?’’

ఇది ఊహించిన సన్నివేశమే. కానీ ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం నిజమైంది. ఇంట్లో లాంచ్ మానిటర్ పెట్టుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ డబ్బు కట్టకముందే అడగాల్సింది.

ఏమిటీ పెట్టె?

బంతిని కొట్టిన క్షణంలో అది ఎంత వేగంతో, ఏ కోణంలో, ఎంత గిర్రున తిరుగుతూ బయల్దేరిందో కొలిచే యంత్రం లాంచ్ మానిటర్. ఆ అంకెలను బట్టి ఆరుబయట అయితే బంతి ఎక్కడ పడేదో లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. నాలుగు గోడల మధ్యే పద్దెనిమిది గుంతల ఆట ఆడేయొచ్చన్నమాట!

వీటిలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రాడార్‌ది. ఇది ఆటగాడి వెనక కొన్ని అడుగుల దూరంలో కూర్చుని తరంగాలు పంపుతుంది. బంతికి తగిలి వెనక్కి వచ్చిన తరంగాల్లో తేడాను బట్టి వేగం పసిగడుతుంది. రెండోది కెమెరాది. ఇది బంతి పక్కనే, అడుగూ రెండడుగుల దూరంలో ఉండి, సెకనులో అతి చిన్న భాగంలో వరసగా ఫొటోలు తీసి పోల్చి చూస్తుంది. ఈ రెండూ కలిపి వాడే యంత్రాలూ ఉన్నాయి. నేల మీద కాకుండా ఏకంగా పైకప్పుకే బిగించేవి మరో తరహా.

ఒకప్పుడు ఇవి ప్రొఫెషనల్ ఆటగాళ్ల దగ్గర, పెద్ద కోచ్‌ల దగ్గర మాత్రమే ఉండేవి. డెన్మార్క్‌లో 2003లో మొదలైన ట్రాక్‌మ్యాన్ యంత్రం చాలాకాలం సుమారు 20 వేల డాలర్ల పైమాటే. మన లెక్కలో ఓ మంచి కారు ధర! 2014లో స్కైట్రాక్ 2 వేల డాలర్ల లోపు ధరతో వచ్చింది. 2021లో గార్మిన్ ఆర్10 యంత్రం 600 డాలర్లకే వచ్చేసింది. 2023లో 700 డాలర్లకు రాప్సోడో ఎంఎల్‌ఎం2ప్రో వచ్చింది. దాంతో కోచ్‌ల చేతుల్లోంచి ఈ పెట్టె మధ్యతరగతి గరాజ్‌లోకి దిగిపోయింది. చలికాలం నాలుగు నెలలు మైదానాలు మూతపడే అమెరికా రాష్ట్రాల్లో ఉన్నవారికైతే మరీ ఆకర్షణ.

ధర తగ్గింది, బాగానే ఉంది. కానీ ధర చీటీ మీద కనిపించేది మొదటి ఖర్చు మాత్రమే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

చిన్న బంతి... పెద్ద దెబ్బ

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదన్నది నిబంధన. క్రికెట్ బంతిలో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న బంతి ఏం చేస్తుందిలే అనుకుంటే పొరపాటే. 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే గోల్ఫ్ బంతిలో ఉండే శక్తి, దాదాపు 85 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో ఉండే శక్తితో సమానం. క్రికెట్ బంతిని టీవీకి అయిదడుగుల దూరం నుంచి కొట్టమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

కెమెరా యంత్రానికి ఉన్న పెద్ద గండం ఇదే. కర్ర ముఖానికి తగలాల్సిన బంతి, కర్ర మెడకు తగిలితే అడ్డదిడ్డంగా పక్కకు దూసుకుపోతుంది. గోల్ఫ్ భాషలో దీన్ని ‘షాంక్’ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ కొట్టేది ఇదే. యంత్రం కూర్చునేదేమో సరిగ్గా ఆ పక్కనే! అందుకే చాలామంది దానికి ఇనుప కవచం తొడుగుతారు. వేరేగా కొనాల్సిందే అయినా, యంత్రం ధరతో పోలిస్తే కవచం ఖరీదు లెక్కలోకి రాదు. ఎడమచేతి వాటం స్నేహితుడు ఆడటానికి వస్తే మాత్రం ముందు యంత్రాన్ని అటునుంచి ఇటు మార్చాలి. బద్ధకిస్తే నేరుగా కర్ర దెబ్బే తగలొచ్చు.

రాడార్ యంత్రం వెనకాల ఉంటుంది కాబట్టి షాంక్ భయం లేదు. కానీ దానికి వేరే గండాలున్నాయి. తెర చుట్టూ ఉండే ఇనుప గొట్టానికి బంతి తగిలితే అంతే జోరుగా వెనక్కి వస్తుంది. యంత్రాన్నే కాదు, మనిషినీ గాయపరుస్తుంది. గొట్టాలకు మెత్తటి ఫోమ్ చుట్టడం అలంకారం కోసం కాదు, అందుకే. ఇక మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టిన పెట్టె పిల్లల కాళ్లకో, చార్జింగ్ వైరుకో తగులుకుని కింద పడటం మరో ప్రమాదం.

పైకప్పుకు బిగించిన యంత్రానికి ఈ బాధలు తక్కువ. అయితే కర్ర ఊపడానికి తగ్గ ఎత్తున్న గది కావాలి. ఒకసారి బిగించాక ఇల్లు మారితే మళ్లీ విప్పడం, బిగించడం, సరిచూడటం అదనపు ఖర్చు.

చప్పుడు లేకుండా పాడయ్యేవి

దెబ్బ తగిలితే చప్పుడైనా వినిపిస్తుంది. బ్యాటరీ మాత్రం చెప్పాపెట్టకుండా పోతుంది. చిన్న యంత్రాల్లో చాలావాటికి సెల్‌ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలే ఉంటాయి. కొన్ని వందల సార్లు పూర్తిగా చార్జ్ చేసి వాడాక వీటి సత్తువ తగ్గడం మొదలవుతుంది. వేడి దీనికి మరింత శత్రువు. టెక్సాస్ ఎండల్లో గరాజ్ లోపల, కారు డిక్కీలో యంత్రాన్ని వదిలేస్తే బ్యాటరీ వయసు మనకు తెలియకుండానే కరిగిపోతుంది.

చలీ తక్కువది కాదు. గడ్డకట్టే చలిలో ఇలాంటి బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. కాబట్టి మంచు కాలంలో యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి. చల్లటి గరాజ్ నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయకూడదు. కూల్‌డ్రింకు సీసా మీద పట్టినట్టే లెన్సు మీదా, లోపలా చెమ్మ పడుతుంది. వేసవి నాలుగు నెలలూ బయట ఆడుకుంటూ దీన్ని మూలన పడేసే వాళ్లు, బ్యాటరీని సగం చార్జ్‌లో ఉంచడం మంచిది. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వదిలేస్తే తిరిగి లేవకపోవచ్చు.

మామూలుగా అరిగిపోయేవి ఎలాగూ ఉన్నాయి. చాప మీద కర్ర రోజూ ఒకేచోట దిగుతుంది కాబట్టి అక్కడ గుంత పడుతుంది. చెక్కుకుపోయిన పాత బంతులు తెర బట్టను గీకుతాయి. దీపం ఉండే ప్రొజెక్టర్ అయితే కొన్ని వేల గంటలకు దీపం మార్చాలి. లేజర్ ప్రొజెక్టర్ దానికన్నా చాలా ఎక్కువ కాలం వస్తుంది, ధరా ఎక్కువే. కొన్ని యంత్రాలు బంతి తిరుగుడును కచ్చితంగా కొలవాలంటే ప్రత్యేక గుర్తులున్న బంతులో, బంతికి అంటించే మెరుపు చుక్కలో కావాలి. ఆ గుర్తులు చెరిగితే మళ్లీ కొనాలి.

తూకం తప్పిన తక్కెడ

‘అద్దమే కదా, మా వీధిలో సెల్‌ఫోన్ కుర్రాడు గంటలో మార్చేస్తాడు’ అనుకునే వాళ్లుంటారు. నిజమే, అద్దం మార్చగలడు. కానీ ఇది ఫోన్ కాదు... కొలిచే యంత్రం. కెమెరాల మధ్య దూరం, అవి చూసే కోణం ఫ్యాక్టరీలో అతి జాగ్రత్తగా సరిచూసి బిగిస్తారు. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా యంత్రం పనిచేస్తూనే ఉంటుంది. తప్పుడు అంకెలు చూపిస్తుంది! పూర్తిగా ఆగిపోయిన యంత్రం కన్నా ఇదే ప్రమాదం. తూకం తప్పిన తక్కెడ దుకాణదారుకి కనపడదు, సరుకు తేడా వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇక్కడా అంతే. యంత్రం తప్పును తన తప్పనుకుని ఆటగాడు బాగున్న తన ఆటను చెడగొట్టుకుంటాడు.

రిపేరు ఖరీదు అంతెందుకు అవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మార్చిన భాగం ధర ఒక్కటే కాదు, మళ్లీ సరిచూసే పనికీ కలిపే బిల్లు వేస్తారు. దానిపైన రానూపోనూ పార్శిల్ ఖర్చు, బీమా. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును పంపడానికి ప్రత్యేక నిబంధనలున్నాయి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా మామూలు పార్శిల్‌లో, అందులోనూ విమానంలో తీసుకోరు. కొన్నిసార్లు మీ పెట్టెను బాగు చేయకుండా, అంతకుముందే బాగు చేసి ఉంచిన మరో పెట్టెను కొంత సొమ్ము తీసుకుని ఇచ్చే పద్ధతీ ఉంటుంది. వీటిలో ఏది వర్తిస్తుందో, వారంటీ దాటాక ఎంత తీసుకుంటారో కొనేముందే ఈ-మెయిల్‌లో రాయించుకోవడం తెలివైన పని. నోటిమాట నిలబడదు.

ఈ తరగతి యంత్రాలకు చాలావాటికి వారంటీ ఏడాది. బంతి తగిలి పగలడం, కింద పడటం సాధారణంగా అందులోకి రావు. అంటే, ఎక్కువగా జరగడానికి అవకాశం ఉన్న ప్రమాదానికే రక్షణ లేదన్నమాట! అదనపు వారంటీ కొనేటప్పుడు అడగాల్సింది ‘ఎన్నేళ్లు?’ అని కాదు... ‘బంతి తగిలితే ఇస్తారా?’ అని.

పెట్టె బాగుంది... పనిచేయదు!

ఇంకో చిక్కుంది. చాలా యంత్రాల్లో కొన్ని సౌకర్యాలు ఏటా చందా కడితేనే తెరుచుకుంటాయి. పైన చెప్పుకున్న 700 డాలర్ల యంత్రమే విడుదలైనప్పుడు, అన్ని సౌకర్యాలకీ చందా ఏడాదికి 200 డాలర్లు. చందా ఆపితే పెట్టె ఇంట్లోనే ఉంటుంది, పనిలో సగం మాత్రం తగ్గిపోతుంది. ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ మారితే పాత యంత్రం యాప్ దానికి తగ్గట్టు మారాలి. కంపెనీ ఆ పని మానేస్తే ఒక్క స్క్రూ వదులు కాకపోయినా యంత్రం మూలన పడాల్సిందే.

ఇది ఉత్తి భయం కాదు. 2016లో అమెరికాలో రివాల్వ్ అనే కంపెనీ ఇళ్లలో లైట్లు, తాళాలు నియంత్రించే పెట్టెల విషయంలో జరిగిందదే. ఆ కంపెనీని కొనుక్కున్న నెస్ట్ సంస్థ సర్వర్లు ఆపేసింది. 300 డాలర్లు పోసి కొన్న పెట్టెలు ఆ రోజు నుంచి ఉత్త డబ్బాలయ్యాయి. గోల్ఫ్ యంత్రానికైనా అదే సూత్రం. ఇంటర్నెట్ లేకుండా, చందా లేకుండా ఎంతవరకు పనిచేస్తుందన్నదే దాని అసలు ఆయుష్షు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది మరీ గట్టిగా చూసుకోవాలి. పాత యజమాని ఖాతా నుంచి యంత్రాన్ని విడిపించారా, మిగిలిన చందా, వారంటీ బదిలీ అవుతాయా అన్నది తేలాకే డబ్బు చేతులు మారాలి.

ఇండియాకి తెస్తే...

హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయాఖిలాలో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గోల్ఫ్ మైదానాలున్నాయి. విశాఖలోనూ పాత క్లబ్ ఉంది. విల్లాల్లో ఓ గదిని ఆటకు కేటాయించే వాళ్లూ ఉన్నారు. అమెరికా నుంచి వచ్చే తమ్ముడి సూట్‌కేసులోనో, బావగారి చేతి సంచిలోనో ఈ పెట్టె తెప్పించుకోవాలన్న ఆలోచన సహజం. కానీ అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. చెల్లకపోతే చిన్న లోపానికైనా సముద్రాలు దాటించాలి. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు సరిగా లేకపోతే మన వస్తువుకే మళ్లీ సుంకం కట్టాల్సి రావొచ్చు. పంపేటప్పుడే ‘రిపేరు కోసం’ అని రాసి, సీరియల్ నంబరుతో రసీదు దాచుకోవడం తప్పనిసరి.

చట్టం ఏమంటోంది?

సొంత వస్తువును నచ్చినచోట బాగు చేయించుకునే హక్కు కోసం కొన్నేళ్లుగా పోరాటం నడుస్తోంది. ఫలానా కంపెనీ భాగాలే వాడాలి, ఫలానా చోటే బాగు చేయించాలి, లేకపోతే వారంటీ పోతుందని షరతు పెట్టడం కుదరదని అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం చెబుతోంది. న్యూయార్క్ చట్టం 2023 డిసెంబరు చివర్లో, కాలిఫోర్నియా చట్టం 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే 100 డాలర్లు, ఆపై ధర వస్తువులకు తయారీ ఆపాక కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు, పనిముట్లు, రిపేరు సమాచారం అందుబాటులో ఉంచాలి. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోను, వాడేవాళ్లే మార్చుకునేలా తయారు చేయాలన్న నిబంధన ఉంది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. ఎలక్ట్రానిక్స్ కంపెనీల రిపేరు, విడిభాగాల సమాచారాన్ని ఒకేచోట ఉంచడం దాని ఉద్దేశం.

అయితే ఏ వస్తువు ఏ చట్టం కిందకు వస్తుందన్నది నిర్వచనాల మీద ఆధారపడుతుంది. ‘చట్టం ఉందిగా’ అని నిశ్చింతగా కూర్చోవడం కన్నా, ‘విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారు?’ అని అమ్మేవాణ్నే నేరుగా అడగడం మేలు.

కాగితం మీద లెక్క

ఇప్పుడో చిన్న లెక్క చూద్దాం. యంత్రం 2 వేల డాలర్లు. చందా ఏడాదికి 200 చొప్పున అయిదేళ్లకు వెయ్యి. మధ్యలో ఒక్కసారి వారంటీ లేని రిపేరు వస్తుందనుకుని 500 పక్కన పెడదాం. పార్శిల్, బంతులకు మరో 100. మొత్తం 3,600 డాలర్లు. అంటే ఏడాదికి 720.

వారానికి రెండు రాత్రులు ఆడే మనిషికి ఒక్కో రాత్రికీ 7 డాలర్ల లోపే పడుతుంది. బయట ప్రాక్టీసుకు వెళ్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే గిట్టుబాటే. అదే మనిషి మోజు తీరి నెలకోసారి ఆడితే? ఒక్కో రాత్రికి 60 డాలర్లు! పెట్టె ఒకటే, ధర ఒకటే. ఖరీదును నిర్ణయించింది వాడకం. చాప, తెర, ప్రొజెక్టర్ ఖర్చు ఇందులో కలపనేలేదు.

కాబట్టి రిపేరు సొమ్ము కూడా బడ్జెట్‌లో పెట్టుకోగలిగిన యంత్రాన్నే కొనాలి. ఉన్నదంతా పెట్టి పెద్దది కొని, పాడైతే బాగు చేయించుకోలేక మూలన పడేసే కన్నా, ఒక మెట్టు కిందిది కొని కవచం, ఫోమ్, కొంత అత్యవసర సొమ్ము సిద్ధం చేసుకోవడం నయం.

కొత్త యంత్రం రాగానే మరో పని చేయాలి. ఒకే కర్రతో, ఒకే రకం బంతులతో పది దెబ్బలు కొట్టి, వచ్చిన అంకెలు ఓ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. ఆర్నెల్లకోసారి, కిందపడ్డప్పుడు తప్పనిసరిగా, మళ్లీ పది కొట్టి పోల్చుకోవాలి. తేడా పెద్దగా ఉంటే తక్కెడ తూకం తప్పిందేమోనని అనుమానించాలి. ఆ నోట్‌బుక్కే సర్వీసు వాళ్ల దగ్గర సాక్ష్యం కూడా.

మళ్లీ ఆ గరాజ్‌లోకి వెళ్దాం. కొడుకు ఫోన్‌లో కంపెనీ నిబంధనలు చదువుతున్నాడు. కొన్నప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేసినవే, మొదటిసారి చదువుతున్నాడు. తండ్రి తన ఇంట్లోని పాత రేడియో గురించి చెబుతున్నారు. ఎన్నిసార్లు పాడైందో, ఎన్నిసార్లు వీధి చివరి కొట్లో విప్పదీసి బాగు చేయించారో.

‘‘అది గట్టిది నాన్నా. ఇవి అలా రావు’’ అన్నాడు కొడుకు.

‘‘గట్టిదేం కాదురా. ఏడాదికి రెండుసార్లు పాడయ్యేది’’ అని నవ్వారాయన. ‘‘బాగు చేసేవాడున్నాడు. అందుకే ముప్ఫై ఏళ్లు పాడింది.’’